ఉగ్గుగిన్నెలో హుక్కులు

కొత్తపాలెం,
23 జనవరి 2025

వదినకు,

ఈ రోజుల్లో ఉత్తరమేంటని నవ్వుకుంటారేమో. ఫోన్లో మాట్లాడదామంటే మీ తమ్ముడు పక్కనే కూర్చుని స్పీకర్ పెట్టమంటాడు. వాళ్లక్కతో నేను ఒక్క మాట గట్టిగా అన్నా ఆ పూట అన్నం మానేస్తాడు. పదో తరగతిలో నా తెలుగు నోట్సు మా మాస్టారు క్లాసంతా తిప్పించేవారు, ఆ ధైర్యంతో రాస్తున్నాను. జాన్ బాషా సోమవారం, గురువారం ఆటోలో మిరపకాయల టిక్కీ బస్తాలు వేసుకుని గుంటూరు యార్డుకి వస్తాడు కదా, ఈ డబ్బా అతని చేతికిస్తాను. మీరు ఖాళీ డబ్బాలో జవాబు పెట్టి పంపండి. మీ తమ్ముడు డబ్బాలు తెరిచి చూడడు.

ఇందులో రాగిపిండి, కాచిన నెయ్యి, పది సున్నుండలు ఉన్నాయి. అడుగున గుడ్డలో చుట్టింది భవ్య ఉగ్గుగిన్నె. వెండిది, దాని బారసాలకి మా పుట్టింటివాళ్లు పెట్టారు. ముక్కు దగ్గర చిన్న సొట్ట ఉంటుంది. అది నా చేతిలోంచి జారి పడ్డ సొట్ట, మీది కాదని ముందే రాస్తున్నాను.

తినిపించడం ఎలాగో చెప్తాను. నేల మీద కాళ్లు చాపుకుని కూర్చుని దాన్ని కాళ్ల మీద వెల్లకిలా పడుకోబెట్టుకోవాలి. జావ నీళ్లలా జారాలి. గిన్నె ముక్కు నోటికి ఆనించి కొంచెం కొంచెంగా వంచాలి. పొలమారితే మాడు మీద తట్టి ఊదాలి. పుట్టినప్పటి నుంచీ ఇలాగే పోశాను. ఆరేళ్ల పిల్లకి ఉగ్గుగిన్నె ఏంటని మీ వీధివాళ్లు నవ్వితే నవ్వనివ్వండి. దానికి నడుం నిలవదని, నమలలేదని వాళ్లకేం తెలుసు.

కిందటేడు మూడుసార్లు నిమ్ము చేసి ఆస్పత్రిలో పెట్టాం. గుంటూరులో ఇలాంటి పిల్లల సెంటర్లో రోజూ ఫిజియోథెరపీ, తిండి సంగతి చూసేవాళ్లు ఉన్నారని, ఏప్రిల్ దాకా మీ దగ్గర ఉంచుకుంటానని మీరు అన్నారు. ఒప్పుకున్నాను. రెండెకరాల కౌలు చేలో మిరపకాయ పండి ఉంది, కూలీలు సరిపడా దొరకడం లేదు, నేను రాలేను. అదంతా నిజమే. కానీ వదినా, దానికి నా చెయ్యి తప్ప పడదు. ఇదొక్కటి గుర్తుపెట్టుకోండి.

భవ్య వాళ్లమ్మ,
పార్వతి


గుంటూరు,
27 జనవరి 2025

పార్వతీ,

డబ్బా అందింది. సున్నుండల్లో రెండు మీ అన్నయ్య కోల్డ్ స్టోరేజీ డ్యూటీకి వెళ్తూ జేబులో వేసుకున్నారు. మిగతావి భవ్యకే. పొడిచేసి నెయ్యితో మెదిపి పెడుతున్నాను.

సెంటర్లో దాన్ని ఇద్దరు చూస్తున్నారు. కాళ్లూ నడుమూ చూసేది సాదిక్ అనే ఫిజియోథెరపీ అబ్బాయి. తినడం, మింగడం చూసేది షహనాజ్ మేడం. తూకం వేస్తే తొమ్మిది కేజీల ఎనిమిది వందలు. దాని వయసుకి ఉండాల్సిన దాంట్లో సగం అన్నారు. నాకు తలెత్తుకోబుద్ధి కాలేదు.

నువ్వు రాసిన పద్ధతి మేడంకి చెప్పాను. ఆవిడ ఇంకెప్పుడూ అలా చెయ్యొద్దంది. పడుకోబెట్టి పల్చటిది పోస్తే పొట్టలోకి పోవాల్సింది ఊపిరితిత్తుల్లోకి పోతుందట. నిమ్ము మాటిమాటికీ రావడం అందుకే అయి ఉంటుందట. ఇప్పుడు సాదిక్ మూల కుర్చీ అని, వెనక గోడ మూలలా ఉండేది చేయించి ఇచ్చాడు. అందులో నడుం వెనక్కి ఆనించి బెల్టు పెట్టి, పాదాలు పలక మీద ఆనేలా కూర్చోబెట్టాలి. గడ్డం కొంచెం కిందికి ఉండాలి. జావ గడ్డపెరుగులా ఉండాలి. చిన్న స్పూనుతో నాలుక మీద పెట్టి, మింగిందాకా ఆగి, అప్పుడు రెండోది. పన్నెండు స్పూన్లకి నలభై నిమిషాలు పడుతోంది. తిన్నాక ఇంకో అరగంట అలాగే కూర్చోబెట్టాలి. నా మిషను పక్కనే దాని కుర్చీ. నేను జాకెట్లు కుడుతుంటే చక్రం వంకే చూస్తుంది.

ఫోను వద్దంది మేడం. నీ గొంతు వింటే ఒళ్లంతా బిగిసిపోయి విల్లులా వెనక్కి వంగుతోంది, మొన్న అలాగే పొలమారింది. కాబట్టి దానికి వినిపించేలా ఫోను చెయ్యకు. ఏమన్నా ఉంటే ఇలాగే రాయి.

ఉగ్గుగిన్నెతో ఇక పని లేదు. జాగ్రత్త చేశాను.

నీ వదిన,
కోటేశ్వరి


కొత్తపాలెం,
6 ఫిబ్రవరి 2025

వదినగారికి,

ఈసారి గారు తగిలించాను. సెంటర్లో పెద్దపెద్ద వాళ్లతో మాట్లాడుతున్నారు కదా.

మీ ఉత్తరం కల్లంలో కాయ ఆరబోస్తూ చదివాను. మళ్లీ చదివాను. అంటే నా కూతురికి నిమ్ము తెప్పించింది నేనన్నమాట. ఆరేళ్లు పూటకి గంట చొప్పున కాళ్లు తిమ్మిరెక్కినా కదలకుండా పోసింది దాని ఊపిరితిత్తుల్లోకి అన్నమాట. మీకు ఆ మాట రాయడానికి ఒక్క లైను పట్టింది. ఆస్పత్రిలో ఆక్సిజన్ పెట్టినప్పుడు దాని పక్కన పదకొండు రోజులున్నది నేను. అప్పుడు ఏ డాక్టరూ నువ్వెలా తినిపిస్తున్నావమ్మా అని అడగలేదు. అడిగి ఉంటే మానేసేదాన్ని కదా.

మీ తమ్ముడికి మాత్రం పండగ్గా ఉంది. మీరు ఫోన్లో చెప్పారట, ఈ మధ్య పొలమారడం లేదని. అప్పటి నుంచి కూలీలందరికీ అదే కబురు, మా అక్క చెయ్యి పడితే చాలు అని. నేను వినబడనట్టు కాయ కోసుకుంటున్నాను. నా చెయ్యి పడితే ఏమైందో ఆయన చెప్పలేదు గానీ అందరూ నా వంక చూశారు. కోతల్లో మొదటి వారం చేతులు మండుతాయి, తర్వాత మంట తెలియదు. మనసు కూడా అలాగే అయితే బాగుండు.

నాకు కుళ్లుగా ఉంది వదినా. ఎవరికి చెప్పుకోను, మీకే చెప్తున్నాను. అది బాగుపడాలని కోటయ్య స్వామికి తిరునాళ్లలో ప్రభ కడతానని మొక్కాను. బాగుపడుతుంటే, అది మీ దగ్గర బాగుపడుతోందని ఏడుస్తున్నాను. ఇలాంటి తల్లి ఉంటుందా?

ఒక్కటి నిజం చెప్పండి. నేను కనబడలేదని అది దేనికోసమైనా వెతుకుతోందా? మాటలు రావు, తెలుసు. కళ్లతో అయినా.

గుడ్లు పదిహేను పంపుతున్నాను, మన కోళ్లవి. అవైనా నా చేతివి.

పార్వతి


గుంటూరు,
20 ఫిబ్రవరి 2025

పార్వతీ,

జవాబు ఆలస్యమైంది. మాఘమాసం పెళ్లిళ్లు, ఇరవై జాకెట్లు మీద పడ్డాయి. అందరికీ వెనక తాళ్లు, ముత్యాలు కావాలి.

నిన్ను తప్పుపట్టాలని రాయలేదే అమ్మాయ్. మేడం చెప్పింది చెప్పినట్టు రాశాను. నాకు మెత్తగా చెప్పడం రాదు, నీకు తెలుసుగా.

మంచి కబురు. బరువు పది కేజీల ఏడు వందలు. మేడం చప్పట్లు కొట్టింది. నువ్వు పంపిన గుడ్డు ఉడకబెట్టి, పప్పన్నంలో మెదిపి, నెయ్యి వేసి పెడుతున్నాను. పల్లీపొడి కూడా మెత్తగా జల్లించి కలపమన్నారు. ఇంకో సంగతి నేర్పారు దానికి. ఇంకా కావాలంటే గిన్నె వంక చూడాలి. చాలు అనుకుంటే తల ఎడమకి తిప్పాలి. పదిహేను రోజుల్లో పట్టేసింది. మొన్న నేను మాటల్లో పడి స్పూను ఆపితే గిన్నె వంక, నా వంక, మళ్లీ గిన్నె వంక చూసింది. నేను నవ్వితే అదీ నవ్వింది. సాయంత్రం నాలుగింటికి రాగిజావ పెడతాను. ఆ వేళకి నేను వంటింట్లోంచి రావడం ఒక్క నిమిషం ఆలస్యమైతే గుమ్మం వంకే చూస్తూ ఉంటుంది. పడుకునేటప్పుడు నా కొంగు పిడికిట్లో ఉండాలి.

మా అఖిల ఇంటర్ హాస్టల్ నుంచి నెలకోసారి వచ్చి ఫోను చూసుకుని పోతుంది. అమ్మా ఆకలేస్తోంది అని అడిగి ఎన్నాళ్లయిందో. ఇది అడుగుతుంది, కళ్లతోనే అయినా.

దేనికోసం వెతుకుతోందని అడిగావు. ఏమో, నాకు అలా కనబడలేదు.

ఒకసారి వచ్చి చూసిపో. రెండో తారీఖు ఆదివారం, ఆ రోజు నీకు కోత ఉండదు కదా. వచ్చేటప్పుడు పచ్చళ్లకి నాలుగు కేజీల మంచి కాయ తీసుకురా. ఇక్కడ కొంటే తాలుకాయ కలిపి అమ్ముతున్నారు.

కోటేశ్వరి


కొత్తపాలెం,
3 మార్చి 2025

కోటేశ్వరి గారికి,

వదినా అని రాయడానికి చెయ్యి రావడం లేదు.

నిన్న మీ ఇంటికి ఎంత ఆశగా వచ్చానో మీకు తెలియదు. బస్సులో కాయ సంచి చంకలో పెట్టుకుని నిలబడే వచ్చాను. వచ్చేసరికి పిల్ల నిద్రపోతోందన్నారు. లేపకు, ఈ లోపు కాస్త తొడిమలు తీసిపెట్టు అన్నారు. చుట్టపుచూపుగా వచ్చినదాన్ని కూర్చోబెట్టి పని చెప్పారు. తీశాను. నాలుగు కేజీలూ గంటన్నరలో తీశాను. అది లేచి నా గొంతు వినగానే కుర్చీలో ఎంత ఎగిరిందో చూశారుగా. అప్పుడు నాకు ఏ బాధా గుర్తు లేదు.

సబ్బుతో రెండుసార్లు చేతులు కడుక్కుని అన్నం కలిపాను. స్పూను పక్కన పెట్టాను, నిజమే. మీ మేడం స్పూను మీ మేడం దగ్గరే ఉండనివ్వండి అన్నాను, అదీ నిజమే. ఆరేళ్లు గిన్నెతో పోశానే తప్ప నా కూతురికి ఒక్క ముద్ద నా వేళ్లతో పెట్టలేదు. ఇప్పుడది కూర్చుంటోంది, మింగుతోంది, ఒక్క ముద్ద నా చేత్తో తింటే చూడాలనుకున్నాను. అది తప్పా?

మొదటి ముద్దకే మొహం ఎర్రబడింది. రెండో ముద్దకి గుక్కపట్టింది. నా చేతిని తల విదిలించి తోసేసింది. మీరు పరుగున వంటింట్లోకి వెళ్లి పెరుగు తెచ్చారు. అన్నం కూడా కాదు, వట్టి పెరుగు, మీ స్పూనుతో. నాలుగు స్పూన్లకి ఊరుకుంది. మీ కొంగులో మొహం దాచుకుంది. మీరు నా వంక చూసి ఏమన్నారో గుర్తుందా? "అలవాటు తప్పింది కదా పార్వతీ, ఏమనుకోకు" అన్నారు. ఆ మాట నిన్నటి నుంచీ నన్ను తినేస్తోంది.

అప్పుడే మీ మిషను బల్ల మీద చూశాను. నా పుట్టింటి ఉగ్గుగిన్నెలో మీరు జాకెట్ల హుక్కులు పోసుకున్నారు. జాగ్రత్త చేయడమంటే అదేనా?

ఒక మాట అడుగుతాను. మీ కూతుర్ని హాస్టల్లో వేసి, నా కూతుర్ని మీ కూతురిగా చేసుకుందామనా? నా గొంతు దానికి వినబడకుండా ఫోను మాన్పించారు. నా పద్ధతి తప్పన్నారు. నా గిన్నె పనికిరాదన్నారు. ఇప్పుడు నా చెయ్యి కూడా దానికి పనికిరాకుండా చేశారు.

గురువారం జాన్ బాషా తిరిగొచ్చేటప్పుడు పిల్లని పంపించండి. కాయ దించాక ఆటో ఖాళీగానే వస్తుంది. వాళ్లావిడ ఖాదర్‌బీ కూడా వస్తుంది, ఒళ్లో కూర్చోబెట్టుకుంటుంది. మీ తమ్ముడికి నేనే చెప్పుకుంటాను.

పార్వతి


గుంటూరు,
6 మార్చి 2025

పార్వతికి,

పంపిస్తున్నాను. నీ కూతురు, నీ ఇష్టం.

మూల కుర్చీ ఆటోలో కట్టించాను. బెల్టు కొత్తది కుట్టాను, లోపల దూది పెట్టి, ఒరుసుకోకుండా. సంచిలో రెండు స్పూన్లు, పల్లీపొడి, ఏ పూట ఏం పెట్టాలో మేడం రాసిన కాగితం ఉన్నాయి. మేడం నంబరు కాగితం వెనక ఉంది. ఇంకా ఏడు వారాలు ఇక్కడ చేయాల్సింది ఉందని, ఇప్పుడు ఆపితే వెనక్కిపోతుందని సాదిక్ అన్నాడు. నీకు చెప్పమన్నాడు, చెప్పాను. పడుకోబెట్టి మాత్రం పొయ్యకు. ఇది నా మాట కాదు.

అఖిల గురించి నువ్వన్న మాట చదివాను.

కోటేశ్వరి


కొత్తపాలెం,
20 మార్చి 2025

వదినకు,

రాయకూడదనుకున్నాను. మీ తమ్ముడు రోజూ అడుగుతున్నాడు, అక్కకి ఫోను చేసి ఏం చెయ్యాలో అడుగు అని. చెయ్యను. కాగితం మీదైతే మీరు నా మొహం చూడరు.

అది తినడం లేదు. మొదటి రోజు కుర్చీలో కూర్చోబెట్టాను. స్పూను దగ్గరికి తెస్తే అది నా వేళ్ల వంక చూసింది. స్పూను వంక కాదు, వేళ్ల వంక. మొహం ఎర్రబడటం మొదలైంది. అంతే, నాకు భయం వేసింది. స్పూను కింద పెట్టేశాను. ఆ రోజు మీ ఇంట్లో అది గుక్కపట్టిన తీరు నా కళ్లలోంచి పోవడం లేదు. నా చెయ్యి దాని నోటి దగ్గరికి పోనివ్వడం లేదు నేను. చెయ్యి కనబడకుండా ఉండాలని గ్లాసుతో పోస్తున్నాను, పడుకోబెట్టి. తప్పని తెలుసు. ఇంకెలా పెట్టనో మీరు చెప్పండి. పస్తు ఉంచనా?

నాలుగు రోజులుగా రొమ్ములో గురగుర. దగ్గర్లోని పేటలో డాక్టరుకి చూపించాం, మందులిచ్చాడు, ఇప్పటికి జ్వరం లేదు. ఖాదర్‌బీ వాళ్ల కొట్టులో తూకం వేశాను, పది కేజీలే ఉంది. మీరు పెట్టిందాంట్లో ఏడు వందల గ్రాములు పద్నాలుగు రోజుల్లో పోగొట్టాను.

మీరే గెలిచారు వదినా. దానికి నేనక్కర్లేదు. కన్నతల్లి చెయ్యి చూస్తే భయపడే పిల్లని నేనెక్కడా చూడలేదు. మీరు అడిగితే తిరిగి పంపిస్తాను. అడగకపోయినా పంపించాల్సి వచ్చేట్టుంది.

పార్వతి


గుంటూరు,
24 మార్చి 2025

పార్వతీ,

నీ ఉత్తరం గురువారమే అందింది. జాన్ బాషాని నిలబెట్టి అప్పుడే రాయాల్సింది. రాయలేక ఖాళీ డబ్బా పంపాను. ఈ నాలుగు రోజులూ మిషను తొక్కుతున్నానే గానీ ఒక్క జాకెట్టూ తిన్నగా రాలేదు.

ఒక నిజం చెప్పాలి. చదివాక నువ్వు నన్నేమన్నా పడతాను.

ఆ రోజు భవ్య ఏడ్చింది నీ చేతికి కాదు, నీ చేతికున్న కారానికి. నాలుగు కేజీల తొడిమలు తీశావు. సబ్బుతో పోదది. నీకు మంట తెలియడం మానేసి ఏళ్లయింది, అందుకే నీకు తట్టలేదు. నాకు మొదటి ముద్దకే తెలిసింది. ఎలా తెలిసిందంటే, అఖిల పాలు తాగేటప్పుడు నేను కోల్డ్ స్టోరేజీలో తొడిమల పనికి వెళ్లేదాన్ని. ఒకసారి నా వేలు దాని పెదవికి తగిలి ఇలాగే గుక్కపట్టింది. అప్పుడు మా అత్తగారు పెరుగు రాసింది. ఆ రోజు నేను నీళ్లు తేకుండా, అన్నం తేకుండా పెరుగు తెచ్చింది అందుకే. తెలిసే తెచ్చాను. తెలిసే నీకు చెప్పలేదు. అలవాటు తప్పిందన్నాను.

తొడిమలు తియ్యమన్నది కావాలని కాదు. అది మాత్రం నమ్ము. ఆ తర్వాత నోరు మూసుకున్నది కావాలనే.

ఎందుకంటావా? నీ గొంతు వినగానే అది కుర్చీలో ఎగిరింది చూడు, అలా నాకు ఒక్కరోజు కూడా ఎగరలేదు. నలభై రోజులు నలభై నిమిషాల చొప్పున పెట్టిన నాకు ఒక నవ్వు, గుమ్మం దాటి ఇంకా లోపలికి రాని నీకు అంత ఎగురుడు. ఓర్చుకోలేకపోయాను. ఒక్క పూట నా వైపు చూడనివ్వు అనుకున్నాను. ఒక్క పూట అనుకున్నది ఇంత దూరం వచ్చింది.

ఇంకోటి. ఫోను అసలు వద్దని మేడం అనలేదు. తినేటప్పుడు మాత్రం వద్దంది. మిగతాది నేను కలిపాను. నువ్వు దేనికోసం వెతుకుతోందని అడిగినప్పుడు కనబడలేదని రాశాను. అదీ అబద్ధమే. వచ్చిన కొత్తలో వీధిలో గాజుల చప్పుడు వినబడితే తల అటు తిప్పేది. పది పదిహేను రోజులు తిప్పింది.

ఇప్పుడు చెప్పేది చెయ్యి. పిల్లకి పెట్టే రోజు కాయ ముట్టకు. చేతులకి నూనె బాగా పట్టించి, కాసేపాగి శనగపిండితో రుద్ది, తర్వాత సబ్బుతో కడుగు. గోళ్లు తీసెయ్. ఆఖరున వేలు నీ నాలుక కొనకి ఆనించి చూసుకో. మంట లేకపోతేనే కుర్చీ దగ్గరికి వెళ్లు. మొదట వేలికి కొంచెం నెయ్యి రాసి దాని పెదవికి ఆనించు. నీ చెయ్యి మండదని దానికి తెలియాలి. తర్వాతే స్పూను. గురగుర తగ్గకపోతే పేట డాక్టరు కోసం ఆగకుండా గుంటూరు తీసుకురా, మా ఇంటికి రానక్కర్లేదు. మేడంకి అంతా చెప్పాను, నేను చేసింది కూడా. నీ ఫోను కోసం చూస్తోంది.

ఉగ్గుగిన్నెలో హుక్కులు తీసేసి, తోమి, గుడ్డలో చుట్టి డబ్బాలో పెడదామనుకున్నాను. ఏ మొహం పెట్టుకుని పంపను? నువ్వు అడిగితే పంపుతాను.

మా తమ్ముడికి నువ్వు చెప్పాలనుకుంటే చెప్పు.

కోటేశ్వరి


కొత్తపాలెం,
3 ఏప్రిల్ 2025

వదినా,

మీ ఉత్తరం కల్లంలోనే చదివాను. చదివి చేతుల వంక చూసుకున్నాను. వేలు నాలుక మీద పెట్టుకుంటే భగ్గుమంది. అక్కడే కూలబడి ఏడ్చాను. మీ తమ్ముడు తేలు కుట్టిందనుకుని పరుగెత్తుకొచ్చాడు. కళ్లలో కారం పడిందన్నాను. అబద్ధం కాదు కదా.

మీ మీద కోపం రెండు రోజులుంది. ఎంత కోపమంటే మీ పేరున్న కుర్చీ బెల్టు చూసినా మండిపోయింది. ఆ బెల్టు లోపల భవ్య అని దారంతో కుట్టి, కింద చిన్నగా మీ పేరు కూడా కుట్టుకున్నారు, నేను చూడననుకున్నారా? మూడో రోజుకి ఒకటి తట్టింది. మీ చోట నేనుంటే నేనూ చెప్పి ఉండేదాన్ని కాదు. పది కేజీల ఏడు వందలని మీరు రాసిన రోజు నేను అన్నం తినలేదు, సంతోషంతో కాదు. ఇంక నేను మిమ్మల్నేమనను.

అఖిల మాట తప్పు మాట. అది వెనక్కి తీసుకుంటున్నాను. మిగతా కోపం అలాగే ఉంచుకుంటాను.

మేడంకి ఫోను చేశాను. గురగుర తగ్గింది. ఆఖరి కోత మీ తమ్ముడికీ కూలీలకీ వదిలేశాను. ఐదు రోజులు కాయ ముట్టలేదు. నూనె, శనగపిండి, పూటకి రెండుసార్లు. పెళ్లికూతురు నలుగు పెట్టుకుంటున్నట్టుందని ఆయన నవ్వాడు. సోమవారం దాన్ని కుర్చీలో కూర్చోబెట్టి, నెయ్యి రాసిన వేలు పెదవికి ఆనించాను. మొదట మొహం బిగించింది. నేను చెయ్యి తియ్యలేదు. కాసేపటికి నాలుక వచ్చి తగిలింది. వదినా, అది నా వేలు చప్పరించింది. ఆరేళ్లలో మొదటిసారి. ఒళ్లోకి పిల్ల మళ్లీ కొత్తగా వచ్చినట్టుంది.

నిన్న సాయంత్రం నాలుగింటికి రాగిజావ, గడ్డపెరుగులాగే చేశాను. ఎనిమిది స్పూన్లు నా చేత్తో తింది. ఎనిమిదోది మింగి నా వంక చూసి నవ్వింది కూడా. తొమ్మిదోది ఎత్తేసరికి తల తిప్పింది. చాలన్నదేమో అనుకుని ఆపాను. తర్వాత మీ పాత ఉత్తరం తీసి చూశాను. చాలంటే ఎడమకి తిప్పుతుందని రాసి ఉంది. అది తిప్పింది కుడికి. మా ఇంట్లో కుడి వైపున్నది వీధి గుమ్మం. గిన్నె వంక చూస్తుంది, గుమ్మం వంక చూస్తుంది, మళ్లీ గిన్నె వంక. ఇవాళా అంతే, ఎనిమిది అయ్యాక.

ఎవరికోసమో నాకు తెలుసు. మీలాగ నాకు కనబడలేదని రాయొచ్చు. రాయాలని కూడా అనిపించింది. కుళ్లు ఎక్కడికీ పోలేదు, ఇది రాస్తున్నప్పుడు కూడా ఉంది.

సోమవారం జాన్ బాషా తిరుగు ఆటోలో రండి. రెండ్రోజులుండి, గురువారం వెళ్లేటప్పుడు మమ్మల్నిద్దర్నీ తీసుకెళ్లండి. సెంటర్లో మిగిలిన వారాలకి నేను కూడా మీ ఇంట్లో ఉంటాను. మీ మిషనుకి అటు మీరు, ఇటు నేను. పోట్లాడుకుంటాం, ఏం చేస్తాం. ఉగ్గుగిన్నె అడగడం లేదు. హుక్కులు అందులోనే ఉండనివ్వండి, దాని పని అయిపోయింది.

మీ తమ్ముడికి ఏమీ చెప్పలేదు. ఇంకా మా అక్క చెయ్యి అనే అంటున్నాడు, అననివ్వండి.

ఎనిమిది స్పూన్లు నావి, నాలుగు మీవి. వచ్చేముందు అఖిలకి పచ్చడి పడతారేమో, చేతులు శుభ్రంగా కడుక్కుని రండి.

భవ్య వాళ్లమ్మ,
పార్వతి